గోలెంలో పడ్డ కాగితం

పోయిన నెల, నేను బతికే ఉన్నానని సంతకం పెట్టడానికి బ్యాంకుకు పోయాను. పింఛను తీసుకునేవాళ్ళకు ఏడాదికోసారి ఈ తంతు తప్పదు. ఎనభై దాటిన చెయ్యి కదా, సంతకం గీత దాటి కిందికి జారింది. కౌంటర్‌లోని పిల్ల ఇంకో ఫారం ఇచ్చి, పాడైన దాన్ని పక్కనున్న చిన్న యంత్రంలోకి తోసింది. అది కరకర నమిలి, నిలువు పీలికలు చేసి కింద బుట్టలో పడేసింది.

"బిడ్డా, నిలువుగ ఒక్కటే చింపితే ఎట్ల? అడ్డంగ గూడ చింపాలె" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "మిషన్ గంతే తాతా. ఏరుకొచ్చి అతికించెటోడు ఎవడుంటడు గిప్పుడు?"

"ఉంటడు" అన్నాను. వెనక వరసలోవాళ్ళు తొందరపెట్టేసరికి బయటికొచ్చాను. మెట్లు దిగుతుంటే, అక్కడ ఎక్కడా లేని నానిన మెంతుల వాసన ముక్కుకు తగిలింది. ఎన్నేళ్ళయింది ఆ మనిషి గుర్తొచ్చి! గుర్తు రాలేదనడం అబద్ధం. గుర్తు రాకుండా తొక్కిపెట్టాను.

"నిలువుగ చింపిన కాయితం సగం సచ్చిన పాము, మున్షీ. సగం సచ్చినదాన్ని ఇడిసిపెడ్తమా?" అనేవాడు ఆయన.

నిజాం కాలం ఆఖరి రోజుల్లో నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా కచేరిలో నేను నకళ్ళు రాసే గుమాస్తాను. ఉర్దూ చేతిరాత బాగుంటుందని ఆ ఉద్యోగం ఇచ్చారు. ఆయన మా దఫ్తరి. ఫైళ్ళు కుట్టడం, జిగురు కాయడం, ముద్రలకు లక్క కరిగించడం ఆయన పనులు. అన్నిటికంటే పెద్ద పని రద్దీ. పనికిరాని కాగితాన్ని మేం రద్దీ అనేవాళ్ళం. మామూలు రద్దీ ఊడ్చి కుప్పలో పోసేవాళ్ళు. రహస్య కాగితాల చిత్తుప్రతులు మాత్రం ఆయన చేతికే పోవాలి. ఊరంతా ఆయన్ని రద్దీ చాచా అనేది. అసలు పేరు నాకు తెలుసు. రాయను. బతికినంత కాలం దాచిపెట్టడమే పనిగా బతికిన మనిషిని నేను పేరు పెట్టి బయటికి లాగడం మర్యాద కాదు.

పొట్టి మనిషి. తెల్ల గడ్డం, దాని కొసకు ఎప్పుడూ కాస్త జిగురు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉండేవి. పొద్దంతా నీళ్ళలో నానడం వల్ల వేళ్ళు తెల్లగా ముడతలు పడి, కొత్తగా పుట్టిన పసిపిల్లవాడి వేళ్ళలా ఉండేవి. మనిషి కంటే ముందు మెంతుల వాసన వచ్చేది.

కచేరి పెరట్లో ఒక రాతి గోలెం ఉండేది. ఎప్పుడో గుర్రాలకు నీళ్ళు పోసేవాళ్ళట అందులో. చాచా చిత్తుకాగితాలను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, మళ్ళీ నిలువుగా చింపి ఆ గోలెంలో వేసేవాడు. మూడు రోజులు నానాక, మెంతులు వేసి రోట్లో దంచితే మెత్తటి ముద్దయ్యేది. ఆ ముద్ద కోసం ఊళ్ళో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. చాటలకూ గంపలకూ దాన్ని అలికి ఎండబెడితే సందులు మూసుకుపోయి గింజ జారేది కాదు. మా ఇంట్లోనూ అలాంటి చాటలు రెండున్నాయి. సర్కారు రహస్యాల మీద చెరిగిన జొన్నలనే తాలూకా అంతా తిన్నది, ఎవరికీ కడుపునొప్పి రాలేదు.

వేరే కచేరీల్లో రహస్య కాగితాలను కాలబెట్టేవాళ్ళు. ఆ మాటెత్తితే చాచాకు కోపమొచ్చేది.

"నిప్పు దగాకోరుది మున్షీ. కట్టకు కట్ట అంటువెడ్తే అంచులే కాల్తయి, నడుమ కాయితం నిమ్మళంగ పండుకుంటది. కాలినదాని మీద గూడ సిరా కనవడ్తది, ఎన్నడన్న చూసినవా? గాలొస్తే ఎగిరి పక్కింట్ల పడ్తది. నీళ్ళు గట్ల కాదు. నీళ్ళకు చెప్తే ఇగ మనిషికి తెల్వది."

కాగితాలు మునిగిపోయాక, గోలెం అంచు మీద వేలి ముడితో రెండు సార్లు కొట్టి "ఖతం" అనేవాడు. ఆ మాట వినేదాకా ఒక గుమాస్తా సాక్షిగా పక్కన నిలబడాలని నియమం. కొత్తవాణ్ణని ఆ పని నాకు అంటగట్టారు. నేను గోడకు ఆనుకుని బీడీ కాల్చుకుంటూ, ఎటో చూస్తూ నిలబడేవాణ్ణి. రద్దీ ఏం చూస్తాం!

ఇంట్లోనూ ఆయన తీరు అంతే. మిఠాయి పొట్లం కాగితమైనా, చుట్టాల ఉత్తరమైనా సరే, పని తీరిందా, చింపి నీళ్ళలో వెయ్యాల్సిందే. ఆయన భార్య ఒకసారి కచేరికి వచ్చి అందరి ముందూ మొత్తుకుంది. "జర మీరన్న చెప్పుండ్రి సాబ్. మా పెండ్లి కాయితం గూడ గోలెంల ఏస్తడేమోనని పెట్టెల వెట్టి తాళమేసుకున్న!" చాచా తల వంచుకుని నవ్వాడు తప్ప కాదనలేదు.

చాచాకు చదువు రాదు. అందుకే ఆ పని ఆయనకిచ్చారు. మా పేష్కార్, అంటే కచేరిలో పెద్ద గుమాస్తా, దీన్ని గొప్పగా చెప్పుకునేవాడు. "చదువురానోడే రద్దీకి పనికొస్తడు. చదువొచ్చినోని చేతికి చిత్తు ఇచ్చుడంటే పిల్లిని పాలకు కావలి వెట్టుడే."

అవి ఎవరినీ ఎవరూ నమ్మని రోజులు. ఊళ్ళలో సంఘం వాళ్ళు దొరల గడీల మీద తిరగబడుతున్నారు. పోలీసులు సంఘం వాళ్ళ కోసం ఊళ్ళ మీద పడుతున్నారు. కచేరిలో పక్కవాడు దగ్గితే కూడా ఎవరికి సైగ చేశాడోనని చూసేవాళ్ళం. అందరికంటే ఎక్కువ అనుమానం నాకు. అనుమానం పెనుభూతం అంటారు. నాకు దానికి కారణం కూడా ఉంది. మోత్కూరు దగ్గర మా ఊళ్ళో ఉండాల్సిన మా తమ్ముడు ఇల్లు వదిలి సంఘంలోకి పోయాడు. కచేరిలో మాత్రం బొంబాయిలో మిల్లు పనికి పోయాడని చెప్పాను. పాలమూరు, నల్లగొండల నుంచి బొంబాయి పోనివాడెవడు? నమ్మారు. నమ్మారనే అనుకున్నాను.

పోలీసు అమీన్ తయారుచేసిన చిత్తు జాబితాలు తహసీల్దారు గదికి వచ్చేవి. వాటిని చాచా నా బల్ల మీదికి తెచ్చేవాడు. నేను ఠాణాలకు శుభ్రంగా మూడు నకళ్ళు రాసేవాణ్ణి. అందులో పేరున్నవాణ్ణి ఠాణా వాళ్ళు వెతికి పట్టుకుపోయేవాళ్ళు. పట్టుకుపోయినవాళ్ళు అందరూ తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ప్రతి జాబితానూ కింది నుంచి పైకి చదివేవాణ్ణి, భయం త్వరగా తీరిపోతుందని.

ఒక రోజు తీరలేదు. నాలుగు కాగితాల జాబితా అది. చివరిది సగం కాగితం. దాని మీద నాలుగే పేర్లు. మూడోది మా తమ్ముడిది. తండ్రి పేరు, ఊరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నా పేరు మాత్రం లేదు. అమీన్‌కు ఇంకా ఆ ముడి తెలియలేదన్నమాట.

ఎవరూ చూడటం లేదని చూసుకుని, మొదటి మూడు కాగితాలకే నకళ్ళు రాశాను. చివరి సగం కాగితాన్ని చిత్తులో అలాగే కలిపేశాను. దాన్ని మింగేద్దామా అనుకున్నాను కూడా. కానీ పేష్కార్ చిత్తు కాగితాలు లెక్క చూసి, దారం కట్టి, రద్దీకి పంపేవాడు. ఒక్కటి తగ్గినా ప్రాణం మీదికి వస్తుంది. గోలెంలో పడిపోతే చాలు, ఎవరికీ తెలియదు. ఆ రోజు సాక్షిని నేనే.

బీడీ వెలిగించలేదు. మొదటిసారి ఆయన చేతుల వైపు కళ్ళార్పకుండా చూశాను. దారం విప్పాడు. సగం కాగితం పైకి వచ్చింది. ఆయన చేతిలో అది తలకిందులుగా ఉంది. చాచా దాన్ని తిప్పి సరిగ్గా పట్టుకున్నాడు. పై భాగం మీద చూపు ఆపాడు. చదువు రానివాడికి కాగితం తలకిందులైతేనేం, నిటారుగా ఉంటేనేం? ఎందుకు తిప్పాడు? ఇంతలో ఆయన కాస్త పక్కకు తిరిగాడు. చరచర చింపిన చప్పుడైంది. ఒక చెయ్యి నీళ్ళలోకి పోయింది. ఇంకో చెయ్యి, దాంట్లో ఏదో కాగితం ముక్క, చొక్కా మీద తొడుక్కున్న చేతుల్లేని బండీ కోటు లోపలి జేబులోకి పోయింది.

"ఖతం" అన్నాడు గోలెం మీద కొట్టి.

ఎక్కడి ఖతం! అప్పుడే మొదలైంది.

ఈయనకు చదువొచ్చు. ఇన్నేళ్ళూ రానట్టు నటించాడు. మా తమ్ముడి పేరున్న ముక్క ఆయన జేబులో ఉంది. ఎవరికిస్తాడు? అమీన్‌కా? దొరకా? నేను ఆ ఒక్క కాగితం నకలు రాయలేదని కూడా ఆయనకు తెలుసా? ఇవే ఆలోచనలు పొద్దున లేస్తే నాతోనే లేచేవి.

"తమ్ముడు బొంబాయిల బాగున్నడా మున్షీ?" అని అడిగాడు రెండు రోజుల తర్వాత, జిగురు గిన్నె కలుపుతూ. అంతకుముందు కూడా అడిగేవాడేమో, నాకు గుర్తు లేదు. ఆ రోజు తర్వాత అడిగిన ప్రతిసారీ గుర్తుంది.

"బాగున్నడు చాచా. ఎందుకడుగుతున్నవు?"

"ఊకెనే. దూరమున్న పిల్లగాడు గద."

ఊరికే అడిగేవాడెవడైనా ఉంటాడా ఆ రోజుల్లో? ఇంటి నుంచి బెల్లం తీసుకుపోయి ఇచ్చాను. మంచి పొగాకు ఇచ్చాను. పొగాకు వాసన చూసి, నా మొహం చూసి, "గిది ప్రేమనా మున్షీ, పనా?" అని నవ్వాడు. ఏమీ కోరలేదు. అదే నన్ను చంపింది. కోరితే ఏదో ఒకటి ఇచ్చి వదిలించుకునేవాణ్ణి. కోరనివాడు ఎప్పుడు కోరతాడో, ఏం కోరతాడో ఎవరికి తెలుసు?

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు పోయాడు. పెరట్లో ఎవరూ లేరు. గోలెంలో చెయ్యి పెట్టాను. ఆ సగం కాగితం ముక్కలు కొన్నయినా దొరికితే, పేర్లు నీళ్ళలోనే పోయాయని మనసు కుదుటపడుతుందని నా ఆశ. మోచెయ్యి దాటి మునిగింది. అంతా గంజి. పీసు పీసు తీసి వెలుగులో చూస్తున్నాను. ఒక్క అక్షరం దొరకలేదు.

"ఏం పారేసుకున్నవ్ మున్షీ?"

వెనక నిలబడి ఉన్నాడు. తేలు కుట్టిన దొంగ పరిస్థితి నాది.

"ఉంగరం చాచా. జారిపడ్డది."

ఆయన నా చెయ్యి చూశాడు. ఉంగరం వేలికే ఉంది. కాగితపు గుజ్జు అంటుకుని ఇంకా బాగా కనిపిస్తోంది. కుండలో మంచినీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోశాడు. చంటిపిల్లవాడికి కడిగినట్టు వేళ్ళ సందులన్నీ రుద్ది కడిగాడు. ఒక మాటన్నా తిట్టి ఉంటే బాగుండేది.

ఆ నెలల్లోనే ఠాణా వాళ్ళు మా ఊరి మీద పడ్డారు. జాబితాలో పేర్లున్నవాళ్ళను తీసుకుపోయారు. మా పక్క వీధివాళ్ళిద్దరు మళ్ళీ రాలేదు. మా ఇంటి గడప మాత్రం తొక్కలేదు. తమ్ముడు రెండుసార్లు ఇంటికొచ్చి అమ్మ చేతి రొట్టె తినిపోయాడని తర్వాత తెలిసింది. నా నకలు పని చేసింది. అయినా భయం పోలేదు. ఆ జేబులో ముక్క ఉందిగా!

తర్వాత మిలిటరీ వచ్చింది. పోలీసు యాక్షన్ అన్నారు. దానికి ముందు రోజు తహసీల్దారు రహస్య కాగితాలన్నీ నాశనం చెయ్యమన్నాడు. చాచా పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా గోలెం ముందే కూర్చుని చింపాడు. తెల్లారేసరికి తహసీల్దారు లేడు, పేష్కార్ లేడు. హైదరాబాదు పోయారన్నారు. చాచా మాత్రం వేళకు వచ్చి జిగురు పొయ్యి మీద పెట్టాడు. టోపీ పెట్టుకుని బజారులో నడవడానికే ఆ వారం ధైర్యం కావాలి. ఆయన పెట్టుకునే వచ్చాడు.

సర్కారు మారింది. సంఘం వాళ్ళ కోసం వెతుకులాట మాత్రం మారలేదు. కొత్త సర్కారుకూ వాళ్ళు కావాలి. కోస్తా నుంచి ఒక పోలీసు అధికారి వచ్చాడు. చల్లగా మాట్లాడే మనిషి. జిల్లా కచేరిలో దొరికిన అమీన్ జాబితా ఒకటి, ఠాణాల్లో దొరికిన నా నకలు ఒకటి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. చాచాను, నన్ను పిలిచాడు.

"అక్కడి జాబితాలో నాలుగు పేర్లు ఎక్కువున్నాయి. మీ నకలులో లేవు. చిత్తు ఏదీ?"

"రద్దీలో పోయిందండీ" అన్నాను. ఆ అధికారి ముందు నాకు తెలియకుండానే అండీలు వచ్చాయి.

"మీరు రాయలేదా? మీ దాకా రాలేదా?"

రాయలేదంటే ఎందుకని అడుగుతాడు. ఆ పేర్లలో ఒకటి నా ఇంటి పేరేనని తేలడానికి ఎంతసేపు? తమ్ముడు ఇంకా అడవిలోనే ఉన్నాడు. నేను దొరికితే వాడి జాడ నా వీపు మీద నుంచే లాగుతారు. పక్కన చాచా ఉన్నాడు. ఆయన ఏ క్షణంలోనైనా జేబులోంచి ఆ ముక్క తీసి బల్ల మీద పెడతాడు. నేనే ముందు మాట్లాడాలి.

"నా బల్ల మీదికి మూడు కాగితాలే వచ్చాయండీ. తెచ్చింది ఈయనే."

"ఈయనకు చదువు రాదన్నారే? చదువు రానివాడికి ఏ కాగితం తియ్యాలో ఎలా తెలుస్తుంది?"

"వస్తుందండీ. రానట్టు ఉంటాడు. నేను కళ్ళారా చూశాను."

చాచా తల తిప్పి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. జేబులోంచి ఏదీ తియ్యలేదు. గోలెంలో చెయ్యి పెట్టి దొరికిపోయిన రోజు ఎలా చూశాడో అలాగే చూసి, అధికారి వైపు తిరిగాడు.

"సచ్ హై సాబ్. నిజమే. నాకు చదువొస్తది. ఆ కాయితం నేనే తీసిన."

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవ్వరు జెప్పలే."

"ఆ కాగితం ఏది?"

"నీళ్ళకిచ్చిన సాబ్."

ఇంకేం అడిగినా ఆ మాటే. ఇద్దరు జవాన్లు తీసుకుపోయారు. తడిసిన చొక్కా చేతుల నుంచి చుక్కలు నేల మీద పడుతూ పోయాయి. నాకు ఊపిరి వచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు ఆయన ఇల్లు సోదా చేశారు. అధికారి నన్ను మళ్ళీ పిలిచాడు. బల్ల మీద ఒక చిన్న గుడ్డ సంచి ఉంది. విప్పి కుమ్మరించాడు. వందల కాగితపు ముక్కలు. అన్నీ వేలెడు వెడల్పు పట్టీలు. అన్నిటి మీదా ఒకే అంకె.

"ఏమిటిది? ఏదైనా సంకేతమా? ఉర్దూ తెలిసినవారు మీరే, చెప్పండి."

ఆ ముక్కలు చూశాను. నేను రోజుకు ఇరవైసార్లు రాసే అంకె అది. ఏడు, ఎనిమిది, ఆరు. ఉర్దూలో ఏ కాగితం మొదలుపెట్టినా, తల మీద దేవుడి పేరుకు బదులుగా ఆ అంకె వేసేవాళ్ళం. మాకది అలవాటు, ఆలోచన లేకుండా గీకేసేవాళ్ళం. ఆయనకది దేవుడి పేరు. అది తలకిందులుగా ఉండకూడదు. రద్దీతోపాటు రోట్లో దంచకూడదు. అందుకే కాగితాన్ని తిప్పేవాడు. ఆ తల భాగం ఒక్కటే చింపి జేబులో పెట్టుకునేవాడు. చదువు రానివాడు కూడా పోల్చుకోగలిగిన గుర్తు అదొక్కటే. ఆ రోజూ అదే చేశాడు. అంతకుముందు రోజులన్నీ కూడా అదే చేసి ఉంటాడు. నేను బీడీ కాల్చుకుంటూ ఎటో చూసేవాణ్ణి కదా, ఎలా తెలుస్తుంది!

తమ్ముడి పేరు గోలెంలోనే పోయింది. ఎప్పుడో ఎవరి చాటకో అలికేసి ఉంటారు.

"సంకేతం కాదండీ. దేవుడి అంకె. కాగితం పైన రాస్తారు. నీళ్ళలో వెయ్యకూడదని తీసి పెట్టుకున్నట్టున్నాడు" అన్నాను.

"సరే, నమ్మకం సంగతి. కానీ చదువొచ్చని తనే ఒప్పుకున్నాడుగా?"

ఇప్పుడైనా చెప్పవచ్చు. ఆయనకు ఒక్క అక్షరం రాదండీ, నేనే పొరపడ్డాను అని ఒక్క మాట. ఆ మాట బయటికొస్తే తర్వాతి ప్రశ్న నాకు తెలుసు. మరి పేర్లు తీసిందెవరు?

"అవునండీ" అన్నాను.

నా జన్మలో నేను చేసిన పాపం ఆ ఒక్క మాటలో ఉంది. మిగతావన్నీ చిల్లర.

ఆయన్ని నల్లగొండ జైలుకు పంపారు. ఒక వానాకాలం నుంచి మరుసటి వానాకాలం దాకా ఉంచారని విన్నాను. కొట్టారని కూడా విన్నాను. ఒక్కసారైనా చూడబోలేదు. కూతురు దగ్గరికి కోస్గికి పోయాడని తర్వాత ఎవరో చెప్పారు. సంఘం తుపాకులు దించాక మా తమ్ముడు కొండ దిగి ఇంటికొచ్చాడు. జైలు తప్పలేదు గానీ ప్రాణంతో ఉన్నాడు. తర్వాత నాగలి పట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు. నిజాం కాలంలో ఠాణా వాళ్ళు తననెందుకు వెతకలేదో వాడికి చివరిదాకా తెలియదు. అదృష్టం అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి.

ఏడెనిమిదేళ్ళ తర్వాత నాకు పాలమూరుకు బదిలీ అయింది. పని మీద మక్తల్ పోయి, అటు నుంచి కోస్గికి వచ్చాను. అంగడి రోజు. బస్సుకు ఇంకా టైముందని అంగట్లో తిరుగుతుంటే మెంతుల వాసన వచ్చింది. కాళ్ళు ఆగిపోయాయి.

గోనెపట్టా మీద చాటలు పేర్చుకుని కూర్చున్నాడు. గడ్డం పలచబడింది. ఎడమ చెయ్యి వంకరగా అతుక్కుని, సరిగా లేవడం లేదు. పక్కన కుండలో కాగితం నానుతోంది. పాత తెలుగు పత్రిక ఒకటి చేతిలోకి తీసుకుని చింపుతున్నాడు. నిలువుగా, అడ్డంగా, మళ్ళీ నిలువుగా. పత్రిక తలకిందులుగా ఉంది. ఆయన తిప్పలేదు. తిప్పాలని ఆయనకు తెలియదు.

అక్కడే కూలబడ్డాను. ఆయన తలెత్తాడు.

"మున్షీ? నువ్వేనా? గిట్ల చిక్కిపోయినవేంది!"

నేను చిక్కిపోయానట! నాకు ఏడుపు ఆగలేదు. అంగట్లో జనం చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

"చాచా, ఆనాడు నేను అబద్ధం జెప్పిన."

"ఎరుకే."

"నీకు చదువు రాదు గద. వస్తదని ఎందుకొప్పుకున్నవు? రాదు సాబ్ అంటే నిన్ను ఇడిసిపెట్టేటోళ్ళు."

"నన్ను ఇడిసిపెట్టేటోళ్ళు, నిన్ను పట్టుకునేటోళ్ళు." పత్రిక ముక్కలను కుండలోకి నొక్కాడు. "ఉంగరం ఏలికి వెట్టుకోని ఉంగరం కోసం దేవులాడినవు చూడు, గా నాడే అనుకున్న. పిల్లగాని పానమేదో గోలెంల ఉన్నదని. ఏందో నాకు తెల్వది. అడగలే. రద్దీల పడ్డది బయటికి రావద్దు మున్షీ. గదే గద నా నౌకరి."

నేను ఆ వంకర చేతిని పట్టుకున్నాను. వేళ్ళు అప్పటిలాగే తెల్లగా నాని ఉన్నాయి. క్షమించమనే మాట చాలదనిపించింది. ఆయన చెయ్యి విడిపించుకుని, బాగా ఆరిన చాట ఒకటి ఏరి నా ఒళ్ళో పెట్టాడు. వద్దన్నా వినలేదు. దాని వీపు మీద పత్రిక అక్షరాలు అరిగిపోయి, ఏ మాటా చదవడానికి వీల్లేకుండా కలిసిపోయి ఉన్నాయి.

లేవబోతుంటే అడిగాడు, జిగురు గిన్నె కలుపుతూ అడిగినట్టే.

"తమ్ముడు బొంబాయిల బాగున్నడా?"

అన్నేళ్ళు భయపడిన ప్రశ్న. మొదటిసారి దానికి నిజం చెప్పాను.

"బొంబాయి ఎన్నడు పోలే చాచా. ఊళ్ళెనే ఉన్నడు. ఎవుసం జేస్తున్నడు. ఇద్దరు పిల్లలు."

ఆయన నా మొహంలోకి చూశాడు. ముడతల మధ్య కళ్ళు తడిశాయి. తర్వాత వంగి, నా ఒళ్ళో ఉన్న చాట అంచు మీద వేలి ముడితో రెండు సార్లు కొట్టాడు.

"ఖతం" అన్నాడు. "ఇగ పో మున్షీ, నీ బస్సు పోతాంది."